పెలెగు పేరు పెట్టిందెవరు

పెలెగు పుట్టేనాటికి కార్ఖానాను రెండు ముక్కలు చేసిన గోడకు తడి ఆరలేదు. అటు చిన్నాన్న, ఇటు నాన్న, మధ్యలో ఇటుకలు. తలుపులు, బల్లలు, బీరువాలు, మంచాలు, చనిపోయినవాళ్లకు పెట్టెలు. అన్నదమ్ములిద్దరూ ఒకే కప్పు కింద పన్నెండేళ్లు చేసిన పనే ఆ తర్వాత రెండు గదుల్లో రెండు బోర్డుల కింద సాగింది. పంపకంలో కిటికీలు మూడూ చిన్నాన్న వైపు పోయాయి. నాన్న వైపు పట్టపగలు కూడా దీపం వేసుకునే పని చేయాలి. ఎవరైనా ఆ మాటంటే, "చూడ్డానికేముంది? చేతికి తెలుసు" అనేవాడు నాన్న. ఆ చేతికి మూడు వేళ్లే ఉండేవి.

ఆ వేళ్ల సంగతి చెప్పకుండా ఈ కథ ముందుకు పోదు.

పెలెగు తల్లికి ఏడో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం కరెంటు రంపంలో చెక్కముక్క ఇరుక్కుంది. చిన్నాన్న స్విచ్చి ఆపి, గది చివర దాని పక్కనే నిలబడ్డాడు. నాన్న బల్ల మీదకు వంగి, రంపం పళ్ల మధ్య ఇరుక్కున్న ముక్కను వేళ్లతో లాగుతున్నాడు. అవతల చిత్రిక పట్టే మిషను చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. నాన్న తలెత్తకుండానే ఒక మాట అరిచాడు. "వెయ్యకు" అని అరిచానన్నాడు ఆయన. "వెయ్" అని వినపడిందన్నాడు చిన్నాన్న. ఇద్దరూ నిజమే చెప్పి ఉంటారు. మన మాటలో వద్దనేది చివర తోకలా వేలాడుతుంది. మిషను మోతలో తోక వినపడలేదు. చిన్నాన్న స్విచ్చి వేశాడు. కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు పొట్టులో పడ్డాయి.

చిన్నాన్న ఆసుపత్రి మెట్ల మీద రెండు రోజులు తిండీ నీళ్లూ లేకుండా కూర్చున్నాడట. మూడో రోజు లోపలికి పిలిస్తే వెళ్లాడు. నాన్న అతని ముఖంలోకి చూసి, "వెయ్యకు అన్నాను కదరా" అన్నాడు. "లేదన్నయ్యా, వెయ్ అన్నావు" అన్నాడు చిన్నాన్న. ఆ ఒక్క ముక్కా మింగేసి ఉంటే సరిపోయేదని తర్వాత నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. కాళ్ల మీద పడాల్సినవాడు వాదానికి దిగాడు. చేయి పోయినవాడికి వాదం ఎక్కడ ఎక్కుతుంది? వారం తిరక్కుండా ఇటుకల బండి దిగింది.

బిడ్డకు పేరు పెట్టే ఆదివారం నాన్న ప్రార్థనా మందిరంలో అందరి ముందూ నిలబడ్డాడు. పసివాణ్ణి ఎడమ చేత్తో గుండెకు ఆనించుకుని, కట్టు కట్టిన కుడిచేయి పైకెత్తి ఇలా అన్నాడట. "వీడి పేరు పెలెగు. పరిశుద్ధ గ్రంథంలో పాత తరాల వరసలో ఉన్న పేరే. ఆ పెలెగు కాలంలో భూమి రెండుగా చీలిందని రాశారు. వీడి కాలంలో మా ఇల్లు చీలింది. అందుకే పెట్టాను." మూడో వరసలో కూర్చున్న చిన్నాన్న లేచి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచాడు. ఆనాటి నుంచి నాన్న పొద్దుటి ప్రార్థనకు, చిన్నాన్న సాయంకాలం ప్రార్థనకు.

గ్రంథంలోని ఆ పెలెగు గొప్పవాడేమీ కాదు. ఓడ కట్టిన ముసలాయనకూ, నక్షత్రాలంత సంతానం కలుగుతుందని మాట పొందిన ముసలాయనకూ మధ్య, ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడంటూ సాగే పట్టీలో ఒక పేరు. రెండువందల ముప్పై తొమ్మిదేళ్లు బతికాడట. అంత బతుకు బతికి ఏం చేశాడో ఒక్క ముక్క లేదు. చదివేవాళ్లు ఆ పేజీ వచ్చేసరికి ఆవులించి తిప్పేస్తారు. ఈ పెలెగుకు మాత్రం తిప్పేసే వీలు లేకపోయింది.

బడిలో ఆటలకు జట్లు పంచాలంటే పంతులు, "పెలెగూ, రా, చీల్చు" అనేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు, వాడూ నవ్వేవాడు. అతని పంతొమ్మిదో ఏట సంఘం రెండుగా విడిపోయింది. మందిరం కొత్త తలుపు లోపలికి తెరుచుకోవాలా బయటికి తెరుచుకోవాలా అన్నది గొడవ. లోపలివాళ్లొక సంఘం, బయటివాళ్లొక సంఘం. తలుపు ఎటు తెరిచినా పెలెగుకు పోయేదేమీ లేదు. అయినా ఒక పెద్దమనిషి, "ఈ పేరు మన మధ్య తిరుగుతుంటే చీలక ఏమవుతుంది?" అన్నాడు. హాస్యానికే అన్నాడు. కానీ అలాంటి హాస్యం మెత్తటి చెక్కలో మేకు లాంటిది. సులువుగా దిగుతుంది, బయటికి రాదు.

అసలు దెబ్బ పని దగ్గర తగిలింది. తండ్రి తెగిన చేత్తో దగ్గరుండి నేర్పితే పెలెగు మంచి పనివాడయ్యాడు. వాడు కలిపిన అతుకులో గోరు దూరదని చిన్నాన్న దగ్గర పనిచేసేవాళ్లే ఒప్పుకునేవాళ్లు. అయినా పెళ్లి మంచం కావాలంటే జనం గోడ అవతలికి పోయేవాళ్లు. కొత్త దంపతుల మంచాన్ని చీలిక పేరున్నవాడి చేత ఎవడు చేయిస్తాడు? పెట్టె కావాలంటే మాత్రం ఇవతలికి వచ్చేవాళ్లు. చచ్చినవాడు ఎలాగూ విడిపోయినవాడే కదా. అలా చూస్తుండగానే అతను పెట్టెల మేస్త్రీ అయిపోయాడు. అత్తవారింట్లో కూడా పెళ్లినాడు మామగారి తల్లి పెళ్లికూతుర్ని పక్కకు పిలిచి, "నువ్వా పేరు పలకొద్దమ్మా, ఏమండీ అను చాలు" అంది. ఆ ఇల్లాలు ముప్పై ఏళ్లుగా ఏమండీ అనే పిలుస్తోంది.

నాన్న పోయినప్పుడు పెలెగుకు ఇరవై ఆరేళ్లు. ఆ వారంలోనే, "అమ్మా, గోడలో ఒక తలుపు పెడితే ఏం?" అని అడిగాడు. తల్లి అతని ముఖంలోకి చూసి, "నీ పేరెందుకు పెట్టాడో మర్చిపోయావా?" అంది. అతను మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇదంతా పాత కథ. ఇప్పుడు పెలెగుకు యాభై మూడేళ్లు. ఆ మధ్య ఒక పొద్దుట అతను పలక మీద చిత్రిక పడుతుంటే గుమ్మంలో నీడ పడింది. చూస్తే చిన్నాన్న కూతురు. ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. వీధిలో ఎదురుపడితే ఇద్దరూ తల ఊపుకునేవాళ్లు, అంతవరకే. ఆమె ఈ గడప ఎక్కడం అదే మొదలు. నిజానికి ఇంకా ఎక్కలేదు, అవతలే నిలబడింది.

"అన్నయ్యా."

"రా. కూర్చోమందామంటే ఇక్కడ పెట్టెలు తప్ప ఏమీ లేవు."

ఆమె నవ్వలేదు. "నాన్న నిన్ను రమ్మంటున్నాడు."

"ఎందుకు?"

"నాకు చెప్పలేదు. నీకే చెప్తాడట. డాక్టరు పది రోజులన్నాడు. ఆరు అయిపోయాయి."

"కొలతలు తీసుకోవడానికా?" అన్నాడు పెలెగు. అన్న తర్వాత తనకే చేదుగా తగిలింది. కానీ జారిన మాటను చిత్రికతో చదును చేయలేం.

ఆమె ముఖం ఎర్రబడింది. "నీది కూడా పెదనాన్న నోరే," అని వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. "నేను రమ్మనడం లేదు. ఆయన రమ్మంటున్నాడు. నాకైతే నువ్వు వచ్చినా రాకపోయినా ఒకటే."

ఆ రోజు వెళ్లలేదు. వెళ్లకపోతే ఏమవుతుందో చూద్దామన్నట్టు సాయంత్రం దాకా పనిచేశాడు. చేసిన అతుకు రెండుసార్లు తప్పింది. మర్నాడు పదకొండు గంటలకు చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, వీధి చుట్టూ తిరిగి అవతలి గుమ్మంలోకి వెళ్లాడు. గోడకు ఈ పక్కనుంచి ఆ పక్కకు రెండు వందల అడుగులు. అంతేనని అతనికి అప్పుడే తెలిసింది.

చిన్నాన్న కార్ఖానా మూతపడి రెండేళ్లయింది. పనిముట్లన్నీ నూనె రాసి గుడ్డల్లో చుట్టి పెట్టారు. వెనక గదిలో కిటికీ పక్కన మంచం, మంచం పక్కన స్టూలు, స్టూలు మీద మందు సీసాలు, మూత పెట్టిన నీళ్ల గ్లాసు. ముసలాయన దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నంత పల్చగా ఉన్నాడు. కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. కూతురు తలుపు దగ్గరగా వేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"కూర్చోరా."

పెలెగు కూర్చున్నాడు. "పిలిచారట."

"నీకు ఆ పేరు తెచ్చింది నేను," అన్నాడు చిన్నాన్న. ఉపోద్ఘాతమేమీ లేదు. ఊపిరి లెక్కబెట్టుకుని మాట్లాడుతున్నవాడు చుట్టూ తిప్పి చెప్పడు.

"ఏ పేరు?"

"నీకెన్ని పేర్లున్నాయి? నేను రెండేళ్లు పాదిరి చదువు చదివాను, విన్నావా ఎప్పుడైనా? పూర్తి కాలేదు. మా నాన్న పోతే, 'ఒక్కణ్ణీ చేయలేకపోతున్నాను, వచ్చెయ్ తమ్ముడూ' అని మీ నాన్న ఉత్తరం రాశాడు. వచ్చేశాను. ఆ రెండేళ్లలో గ్రంథం పుట్టిన పాత భాష అక్షరాలు పట్టుబడ్డాయి. నువ్వు కడుపులో ఉండగా ఒకరోజు టీ తాగుతూ మీ నాన్న అడిగాడు. 'చదువుకున్నవాడివి కదరా, కొడుకైతే పెట్టడానికి ఎవరికీ లేని పేరు ఒకటి చెప్పు' అన్నాడు. పెలెగు అన్నాను. 'అదేం పేరురా, తుమ్మినట్టుంది' అన్నాడు."

ఆ మాటకు ముసలాయన నవ్వబోయి దగ్గాడు. పెలెగు గ్లాసు అందించాడు. ఆయన పెదాలు తడుపుకుని మళ్లీ మొదలెట్టాడు.

"అర్థం చెప్పాను. ఆ భాషలో పెలెగంటే కాలువ. తోటకు నీళ్లు మళ్లించుకోవడానికి తవ్వుకునే పిల్లకాలువ. భూమిని చీలిస్తేనే కాలువ వస్తుంది కదా, అందుకని చీలిక అన్నా అదే మాట, కాలువ అన్నా అదే మాట. చీల్చడం దేనికి? నీళ్లు పారడానికి. అలా చెప్పేసరికి మీ నాన్నకు తెగ నచ్చింది. ఆ రోజంతా పని చేస్తూ పెలెగు, పెలెగు అని పాట కట్టి పాడాడు. తర్వాత నెలకి వేళ్లు పోయాయి."

పెలెగు గ్లాసు తిరిగి స్టూలు మీద పెట్టి మూత పెట్టాడు.

"మందిరంలో నిలబడి సగం అర్థమే చెప్పాడు," అన్నాడు చిన్నాన్న. "నేనిచ్చిన మాటే తీసి నా మీదకు విసిరాడు. అది నా మీదకని నాకు తప్ప ఎవరికీ తెలియదు."

"లేచి మిగతా సగం మీరు చెప్పాల్సింది."

"చెప్పాల్సింది. పంతం. తర్వాత సిగ్గు. గోడ అవతల మీ నాన్న 'ఒరేయ్ పెలెగూ' అని కేకేస్తే ఇటు నాకు తగిలేది. రోజుకు పదిసార్లు. తగలనీ, నాకిది కావలసిందే అనుకున్నాను. నా తప్పుకు నాకు శిక్ష అనుకున్నాను."

"కేకేసింది నన్ను," అన్నాడు పెలెగు.

ముసలాయన కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"పెళ్లి మంచాలన్నీ మీ దగ్గరికే వచ్చేవి. ఎందుకు వచ్చేవో మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే చేశావా?" మీరు కాస్తా నువ్వైపోయింది. పుట్టి బుద్ధెరిగాక చిన్నాన్నను నువ్వనడం అదే మొదలు, అదీ ఇలా. "ఊళ్లో ప్రతి మంచమూ నువ్వే చేశావు. నా పేరులో కాలువ ఉందని తెలిసి, నన్ను శవాల దగ్గర వదిలేసి, నువ్వు మంచాలు చేశావు. నీ తప్పుకు దెబ్బలు తినాలనుంటే తిను, ఎవరు వద్దన్నారు? నా వీపు మీద తింటావా?"

"క్షమించమని అడగడానికే..."

"ఆ మాట ఆసుపత్రిలో మా నాన్నకు చెప్పాల్సింది. అప్పుడేమో వాదించావు. నాకిప్పుడు చెప్తున్నావు. ఎందుకంటే ఇప్పుడు నీకు బరువుగా ఉంది. దించేసుకున్నావు. హాయిగా ఉందా? దాన్ని నేనెక్కడ పెట్టుకోను?"

చిన్నాన్న చేయి దుప్పటి బయటికి వచ్చి మంచం అంచు మీద ఆగింది. పట్టుకోమన్నట్టు ఉందో, ఊరికే పెట్టాడో తెలియదు. పెలెగు లేచాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ చెల్లెలితో ఒక్క మాట కూడా చెప్పకుండా వీధిలోకి వచ్చేశాడు.

తిన్నగా ఇంటికి పోలేదు. ముసలాయనకు మందుల మత్తులో ఏదో తోచిందేమో, అంతా కట్టుకథేమో అని ఒక మూల ఆశ. ఆశ అనాలో భయం అనాలో. సంఘ కాపరి మందిరం వెనక గదిలో కాగితాలు సర్దుకుంటున్నాడు. పెలెగు కంటే పదేళ్లు చిన్నవాడు, పెద్ద చదువు చదివినవాడు.

"అయ్యగారూ, పెలెగంటే అర్థమేమిటి?"

"చీలిక, విభజన. మీకు తెలిసిందే కదా మేస్త్రీ."

"ఇంకేమైనా ఉందా?"

"ఆఁ, కాలువ. నీటి కాలువ. కీర్తనల్లో మొట్టమొదటిదానిలో చెట్టు పక్కన పారేవి చూడండి, అవి ఈ మాటే. మూలభాషలో చదివితే తెలిసిపోతుంది."

"ఎప్పటి నుంచి తెలుసు మీకు?"

"చదువుకునే రోజుల్లో మొదటి ఏడాదే చెప్పారు." కాపరి తలెత్తి చూశాడు. "ఏం?"

"పదిహేనేళ్లుగా నన్ను ఆ పేరుతోనే పిలుస్తున్నారు కదా. ఒక్కసారీ చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదా," అన్నాడు కాపరి. మనిషి మంచివాడే, నిజంగానే తెల్లబోయాడు. "మీకు తెలుసనుకున్నాను."

ఇల్లు చేరేసరికి తల్లి కిటికీ పక్కన కూర్చుని దిండు గలీబుకు కుట్టు వేస్తోంది. ఎనభై దాటినా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. పెలెగు ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, నాకు పేరు పెట్టిందెవరు?"

"మీ నాన్న."

"తెచ్చిందెవరు?"

సూది గుడ్డలో సగం దిగి ఆగింది. ఆమె తలెత్తలేదు. "వాడు చెప్పాడా?"

 అంతవరకూ ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాడు పెలెగు. "నీకు తెలుసు," అన్నాడు.

"తెలియకేం? ఆ రోజు ఇద్దరికీ టీ పోసింది నేనే."

"యాభై మూడేళ్లు, అమ్మా."

"చెప్తే ఏం చేసేవాడివి?" ఆమె గొంతు పెరగలేదు. "మీ నాన్నకు చొక్కా గుండీలు ఇరవై ఆరేళ్లు నేను పెట్టాను. ఉలి పట్టు దొరక్క గోడకేసి విసిరికొట్టి, పిల్లాడిలా కూర్చుని ఏడ్చిన రోజులు నువ్వు చూడలేదు. ఆయనకు ఆ కోపమొక్కటే చేతికర్ర. అది లాగేస్తే పడిపోయేవాడు."

"మరి నేను?"

"నువ్వు చిన్నవాడివి. నీకు కాళ్లున్నాయి కదా అనుకున్నాను."

"నాన్న పోయాక? అప్పుడు కర్ర ఎవరికి కావాలి? గోడలో తలుపు పెడదామని అడిగితే నా పేరే చూపించి నా నోరు మూశావు."

 తల్లి సూది బయటికి లాగి, దారం పళ్లతో తెంపింది. "అప్పటికి అదే నిజమైపోయిందిరా," అంది. "రోజూ అనగా అనగా నాకే ఇంకోటి ఉందని గుర్తు లేదు."

అతను ఇంకేదో అనబోయాడు. ఆమె కుట్టిన గలీబు మడిచి ఒళ్లో పెట్టుకుని, మడత మీద మడత వేస్తూనే ఉంది. ఆ వేళ్లను చూసి ఊరుకున్నాడు. ఆ పూట భార్య, "ఏమండీ, భోజనానికి రారా?" అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలిస్తే, "నా పేరు పలికితే నీ నోరేం పోదు!" అని కసిరాడు. ఆమె బిత్తరపోయింది. ఏ పాపమూ తెలియని మనిషి. తర్వాత బతిమాలుకుందామనుకున్నాడు కానీ ఎక్కడ మొదలెట్టి చెప్పాలో తెలియలేదు.

రెండు రోజులు కోపం మరిగింది. మూడో రోజు కాస్త చల్లారాక, లోపల ఒక చిన్న ప్రశ్న మిగిలింది. నాన్న ఆ రోజంతా పాడాడన్నాడు కదా, ఏ వరసలో పాడాడు? నాన్న పాడగా పెలెగు ఎప్పుడూ వినలేదు. ఆయనకు పాట వచ్చని కూడా తెలియదు. ఆ ఒక్కటీ అడిగి వద్దామనుకున్నాడు. క్షమించడానికి కాదు, ఊరికే, ఆ వరస తెలుసుకోవడానికి. ఆ ముసలాయనా తల్లీ తప్ప అది తెలిసినవాళ్లు భూమ్మీద లేరు. తల్లిని అడగడానికి మనసొప్పలేదు.

చొక్కా మార్చుకుంటుంటే చెల్లెలు వచ్చింది. ఈసారి గడప దాటి లోపలికే వచ్చింది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"పొద్దున్నే పోయాడు అన్నయ్యా. పెట్టె చేస్తావా?"

"చేస్తాను," అన్నాడు. కొలతలు అడగలేదు.

ఉన్న వాటిలో మంచి పలకలు తీశాడు. మేకులు వాడలేదు, అన్నీ అతుకులే. మూల కలిపిన ప్రతిసారీ వేలితో తడిమి చూసుకున్నాడు. అంత శ్రద్ధ ఎందుకో అతనికే తెలియలేదు. కోపంతో చేస్తే పని చెడుతుందని తండ్రి నేర్పాడు. ఆ నేర్పు చేతుల్లో ఉండిపోయి, మనసుతో పనిలేకుండా నడిచింది. చివరికి నునుపు చేస్తూ, ఇది ఎలాగూ మట్టిలోకే కదా అనుకున్నాడు. అయినా ఇంకోసారి రుద్దాడు.

సమాధి దగ్గర జనం బాగానే వచ్చారు. రెండు సంఘాలవాళ్లూ వచ్చి విడివిడిగా నిలబడ్డారు. ఒక పెద్దాయన పెలెగు భుజం తట్టి, "మొత్తానికి కలిపావయ్యా రెండిళ్లనీ. పేరు అబద్ధం చేశావు" అన్నాడు. పక్కనున్నవాళ్లు అవునవునన్నారు. పెలెగుకు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పేరు అబద్ధం కాదని, దానికి ఇంకో అర్థముందని చెప్పాలి. నోరు తెరిచి, "ఆ మాటకు కాలువ అని కూడా..." అన్నాడు.

"కాలువా?" పెద్దాయన చుట్టూ చూశాడు. "ఎక్కడ? ఇక్కడ నీటి ఊట ఉందా? గొయ్యి ఇంకో చోట తవ్వాల్సింది కదా మరి!"

"ఏం లేదులెండి," అన్నాడు పెలెగు.

అందరూ వెళ్లాక చెల్లెలు వాళ్లింటి దాకా వెంట నడిచాడు. పెదనాన్న కొడుకు కదా, ఇప్పుడు ఆ ఇంటికి మగదిక్కు తనే అని ఎవరో గుర్తు చేశారు. ఆమె స్టూలు మీది మందు సీసాలు ఒక సంచిలో వేస్తోంది. దుప్పటి మడిచి పక్కన పెట్టింది. అతను ఏం చేయాలో తెలియక కిటికీ రెక్క కీలు వదులైతే బిగిస్తూ నిలబడ్డాడు.

"ఒకటి అడగనా?" అంది.

"అడుగు."

"నువ్వు వచ్చి వెళ్లాక నాన్న ఏమీ తినలేదు. మాట కూడా పోయినట్టే అయింది. ఏమైందని అడిగితే కళ్లు మూసుకునేవాడు. ఒక్కసారి మాత్రం 'వాడికి చెప్పాను' అన్నాడు. ఏం చెప్పాడు నీకు?"

పెలెగు ఆమె ముఖం చూశాడు. తండ్రి ఆఖరి మూడు రోజులూ పస్తుండటానికి కారణం ఎదురుగా నిలబడి కీలు బిగిస్తోందని ఆమెకు తెలియదు. తెలియాల్సిన మనిషి ఆమె. అడిగింది కూడా.

"చెక్కల సంగతే," అన్నాడు. "వాళ్లిద్దరూ కలిసి చేసిన రోజుల్లో దొరికిన చెక్క ఇప్పుడు దొరకడం లేదని."

"అంతసేపు చెక్కల గురించేనా?"

"ఆఁ."

ఆమె సీసాల సంచి ముడి వేసి, కళ్లు తుడుచుకుంది. "నాకెప్పుడూ ఆ కబుర్లు చెప్పలేదు," అంది. "నీకైనా చెప్పాడు. అదే చాలు."

ఇప్పుడే తండ్రిని మట్టి చేసి వచ్చిన పిల్ల, కాస్త తేరుకున్నాక చెబుదాంలే అనుకున్నాడు పెలెగు. అలా అనుకుని చెప్పులు వేసుకున్నాడు. ఆ తర్వాత వారం వారం ఆమె అన్నయ్యా అంటూ వాళ్లింటికి వచ్చేది, అతని భార్యతో కూర్చుని కబుర్లు చెప్పేది, ముసలి పెద్దమ్మ కాళ్లకు మందు రాసేది. నాన్న ఏ చెక్క గురించి చెప్పాడని ఒకటి రెండుసార్లు మళ్లీ అడిగింది కూడా. అతను ప్రతిసారీ ఏదో ఒక చెక్క పేరు చెప్పాడు.